బొట్టు పెట్టిన బూట్లు

మా ఆయన అరికాళ్ళు ఎర్రగా ఉండేవి. పుట్టుకతో వచ్చిన ఎరుపు కాదు, గనుల ఎరుపు. ఇనుపరాయి మోసే లారీ తోలేవాడు కదా, ఆ దుమ్ము చర్మంలోకి ఇంకిపోయి ఎంత తోమినా వదిలేది కాదు. సాయంత్రం ఇంట్లోకొస్తే వాకిలి నుంచి వంటింటి దాకా బండల మీద ఎర్రటి అడుగులు పడేవి. నేను తిడుతూ తుడిచేదాన్ని. నా నోరు మంచిది కాదని మా ఊరు రూపనగుడిలో అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ రోజులు తలచుకుంటే మనుషుల మొహాలకంటే ముందు ఆ అడుగులే కనిపిస్తాయి, తడి బండల మీద మెల్లగా నడిచిపోతూ.

ఆయన చెప్పుల్లేకుండా లారీ తోలేవాడు. మా వైపు డ్రైవర్లంతా అంతే. ధాన్యం నూర్చే కళ్ళంలోకి చెప్పులతో పోము, బండిలోకీ పోము. బండి అంటే అన్నం పెట్టే లక్ష్మి. చెప్పులు మెట్టు కింద సందులో దోపి, స్టీరింగుకు దండం పెట్టుకుని కూర్చోవాలి. "చక్రం కింద నిమ్మకాయ నలిగినా నా అరికాలికి తెలుస్తాది మే" అని గొప్పలు పోయేవాడు.

"తెలుస్తాది, తెలుస్తాది. పెండ్లానికి జరమొస్తే మాత్రం తెలీదు" అనేదాన్ని.

ఆ లారీ మాది కాదు, మా బావది, అంటే మా ఆయన వాళ్ళ అన్నది. అన్న లారీ తమ్ముడు తోలడంలో తప్పేమీ లేదు. కానీ సొంత లారీ అనే మాట వస్తే ఆయన చూపు ఎక్కడికో పోయేది. ఎనభైల్లో మా వైపు నుంచి ఒకరూ ఇద్దరూ మస్కట్ వైపు రెండేండ్ల కాంట్రాక్టు మీద పోవడం మొదలుపెట్టారు. అక్కడ కొండలు తవ్వి రోడ్లేస్తున్నారు, పెద్ద బండ్లు తోలే మనుషులు కావాలని ఒక బొంబాయి ఏజెంటు బళ్ళారికొచ్చాడు. రెండేండ్లు కండ్లు మూసుకుంటే లారీ వాకిట్లో నిలబడుతుందని ఈయన ఆశ. ఫోటోలు దిగాడు, పాస్‌పోర్టు తెచ్చుకున్నాడు, సూదులు పొడిపించుకున్నాడు. అక్కడ స్టీరింగు ఎడమ పక్కన ఉంటుందట, గేర్లు కుడిచేత్తో మార్చాలట. మధ్యాహ్నం పూట మంచం మీద కూర్చుని, కండ్లు మూసుకుని, నా పప్పుగుత్తి కుడిచేత్తో పట్టుకుని గేర్లు మార్చేవాడు. పత్తి చేల మీది వేడిగాలి వాకిట్లో తిరుగుతుండేది. చూస్తూ చూస్తూ నేనూ గోడకానుకుని కునుకు తీసేదాన్ని. ఆ మగతలో మంచం కదిలేది, వాకిలి దాటేది, ఎక్కడో తెల్లటి ఇసుకలోకి సద్దు లేకుండా పోయేది.

నా భయం ఒక్కటే. పోయిన మనిషే తిరిగొస్తాడా అని. దేశనూరులో మా పిన్నమ్మ ఇంటి పక్కన ఒకాయన అట్లే పోయి వచ్చి, నల్లద్దాలు పెట్టుకుని, సొంత పెండ్లాంతోనే పరాయి ఆడమనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడట. లారీ లేకపోతే బతకలేమా? మనిషి మారిపోతే ఏం చేసుకోవాలి? ఈ మాట ఆయనతో అనలేదు. పప్పుగుత్తి లాక్కుని పప్పు ఎనుపుకున్నాను.

కప్పగల్లు దారిలో ఒక ఖాళీ మైదానంలో పరీక్ష పెట్టారు. ఈయన అలవాటుగా చెప్పులు విడిచి, స్టీరింగుకు మొక్కి, బండి స్టార్ట్ చేశాడు. ఏజెంటు తెచ్చిన సూపర్వైజరు కిటికీలోంచి కాళ్ళు చూసి, దిగు అన్నాడట. అక్కడ వట్టికాళ్ళతో బండెక్కితే పనిలోంచి తీసేస్తారట. ఏజెంటు గుమాస్తా జాలిపడి, "సోమవార శూస్ హాకొండు బర్రి" అన్నాడట కన్నడంలో, సోమవారం బూట్లేసుకుని రమ్మని. ఇంటికొచ్చి గడప మీద కూర్చున్న మనిషిని చూస్తే నా భయం సంగతి నేనే మర్చిపోయాను. అంత చిన్నబోయాడు.

మర్నాడు బళ్ళారి బజారులో బూట్లు కొన్నాడు, ముక్కు దగ్గర ఇనుము పెట్టిన బరువైనవి. మా అత్త గడప దాటనియ్యలేదు.

"చెప్పుకాలు లచ్చిమి మీద పెడతావా? ఆ కూడు నాకొద్దు నాయనా" అంది.

ఆయన బూట్లు చంకలో పెట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలీదు. "చెప్పు ఎప్పుడు మైలైతాది అత్తా? నేల తొక్కినాక గదా. ఇవి నేల తొక్కనే లేదు. బండి సామాను ఇవి, స్టీరింగు మాదిరే" అన్నాను.

పొద్దు వాలేవేళ అత్తే కుంకుమ భరిణె తెచ్చింది. పీట మీద బూట్లు పెట్టి, ముక్కులకు పసుపు రాసి బొట్టు పెట్టాను. అత్త కర్పూరం వెలిగించింది. "బొట్టు పెట్టినాక నేల మీద పెట్టకూడదు" అని షరతు పెట్టింది.

"ఆడికి పోయినాక దిగాల గదమ్మా?" అన్నాడు ఈయన.

"ఆడి నేల మనది కాదు. దాని సంగతి ఆడి దేవుడు చూసుకుంటాడు పో."

సోమవారం నేనూ పోయాను, గుడికని చెప్పి. మైదానం గట్టు మీద కొంగు కప్పుకుని కూర్చున్నాను. ఆయన బూట్లు చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి, వట్టికాళ్ళతో ఎక్కి, సీట్లో కూర్చుని తొడుక్కున్నాడు. సూపర్వైజరు ఆ బొట్లు చూసి, పోనిమ్మని చెయ్యి ఊపాడు. బండి ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టయింది, మళ్ళీ ఆగింది. పోతే పోనీ దిగిరా, ఇంటికి పోదాం అనుకున్నాను. అంతలోనే కదలిరా తల్లీ అని ఆ బండికే మొక్కాను. బండి కదిలింది. ఎర్ర దుమ్ము లేచి మైదానమంతా సంధ్యలా అయిపోయింది, అందులో ఆయన గుండ్రంగా తిరిగి తిరిగి నా వైపు వచ్చాడు. నెగ్గాడని తెలిసి నవ్వాను.

ఎండు జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి మూట కట్టిచ్చాను. బొంబాయి బస్సు చెప్పులేసుకునే ఎక్కాడు, బూట్లు తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ రెండేండ్లూ నాకు సరిగ్గా గుర్తు లేవు, ఎండలో కన్న కలలా ఉన్నాయి. ఇంట్లో బండలు తెల్లగా ఉండేవి. తుడవడానికి ఏమీ లేకపోయినా రోజూ తుడిచేదాన్ని, తిట్టడానికి ఎవరూ లేక నోరు చచ్చిపోయింది. ఒకసారి ఆయన ఊరికొచ్చేవాళ్ళ చేత క్యాసెట్ పంపితే, మా బావ టేప్‌రికార్డర్ తెచ్చి పెట్టాడు. ముందు గాలి వినిపించింది. తర్వాత టకటకమని బూట్ల చప్పుడు, గచ్చు మీద ఎవరో దగ్గరికి నడిచొస్తున్నట్టు. ఎవరీ మనిషి అనుకున్నాను. అప్పుడు "ఏమ్మే, బాగుండావా" అని ఆయన గొంతు. ఆ గొంతుకు ఆ నడక అతకలేదు.

కాంట్రాక్టు ముగించుకుని బూట్లతోనే బస్సు దిగాడు. బొట్టు ఇసుకలో ఎప్పుడో అరిగిపోయింది, కుట్లలో మాత్రం పసుపు ఉంది. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి చూశాను. ఉతికిన పంచెలా తెల్లటి కాళ్ళు. నడిస్తే బండల మీద ఏమీ పడలేదు. వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆయన మర్యాదగా, నాకు అడ్డం కాకుండా పక్కకు తప్పుకుని నడుస్తున్నాడు, చుట్టపు చూపుగా వచ్చినవాడిలా.

లారీ వచ్చింది. పాతదే, కానీ మాది. వాకిట్లో పూజ చేశాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఊరు ఊరంతా చేరింది. ఆయన బూట్లు విడిచి, మొక్కి, ఎక్కాడు. ఇంజను మోగుతూనే ఉంది, బండి కదల్లేదు. అత్త హారతి పళ్ళెం పట్టుకుని అట్లే నిలబడింది. నేను కిటికీ దగ్గరికి పోయాను.

"ఏందప్పా?"

"కాలికి తెలుస్తాలేదు మే" అన్నాడు మెల్లగా. "ఎవరిదో కాలు తగిలించినట్టుండాది. ఆ బూట్లు అందియ్యి."

చచ్చిన నోరు లేచొచ్చింది. "రెండేండ్లు నన్ను కూడా చూడకపోతివి. నా దగ్గరికి కూడా బూట్లేసుకోని వస్తావా?" అన్నాను. వెనక ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అటుపక్క నుంచి ఎక్కి ఆయన పక్కన కూర్చున్నాను. "తోలు."

"ఆగిపోతే? ఊరంతా చూస్తాండాది."

"చూడనీ."

బండి ఎగిరింది, ఆగింది. మళ్ళీ స్టార్ట్ చేశాడు. తెల్లటి పాదం క్లచ్ మీద వెతుక్కుంటూ, మెల్లగా లేచింది. లారీ కదిలింది. నిమ్మకాయలు దాటి వీధిలోకి వచ్చాక ఆయన చెమట తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"నలిగింది మే. అరికాలికి తెలిసింది."

అబద్ధం. అంత పెద్ద ఇంజను మోతలో నిమ్మకాయ నలిగింది ఎవరి కాలికి తెలుస్తుంది? అట్లాంటి అబద్ధం ఈ భూమ్మీద ఒక్క మా ఆయనే ఆడగలడు. నాకు కండ్లు నిండిపోయి దారి కనిపించలేదు.

"తెలుస్తాది, తెలుస్తాది" అన్నాను.