చర్చి ముందు తెల్ల కారు

క్రితం ఏడాది మేం పాత డీజిలు కారు కొందామనుకున్నాం. రావులపాలెం దగ్గర ఓ ఊళ్లో ఒకాయన అమ్ముతున్నారని తెలిసి ఫోన్ చేశాం.

"చర్చి ముందు తెల్ల కారండి. తాళం దానికే ఉంది. నేను వచ్చేలోగా కాలవగట్టు మీద ఓ రౌండు వేసి చూసుకోండి" అన్నారాయన.

అలాగే నడిపి చూశాం. తిరిగొచ్చేసరికి చర్చి ముందు ఓ పెద్దాయన బైబిలు పట్టుకుని కంగారుగా నిలబడి ఉన్నారు. ఆయనే అమ్మేవారనుకుని, బేరం తగ్గించడానికి మావారు కారు దిగుతూనే మొదలుపెట్టారు.

"క్లచ్ పోయిందండి. ఇంజను చూస్తే ట్రాక్టరు మోత. దీన్ని ఎవరు కొంటారండీ?"

"ఎవరూ కొనక్కర్లేదండి, ఇది నా కారు!" అన్నారాయన. "ప్రార్థన చేసుకుని బయటికొచ్చేసరికి కారు లేదు. పోలీసులకి ఫోన్ చేయబోతున్నా."

అప్పుడు చూశాను. అమ్మకానికి పెట్టిన తెల్ల కారు చర్చి ముందే అటు చివర ఉంది! రెండిటికీ తాళాలు వదిలేసే ఉన్నాయి. మావారు తాళం తీసి ఆయన చేతిలో పెట్టేశారు. నేనే దణ్ణం పెట్టి జరిగింది చెప్పాను.

పెద్దాయన పగలబడి నవ్వారు. "క్లచ్ మీద నాకూ అనుమానంగానే ఉందండి. చూసిపెట్టారు, థాంక్స్" అని, అసలు కారాయన రాగానే మాతోపాటు ఆ రెండో కారెక్కి ఊరంతా తిప్పించారు. "నాదానికన్నా బాగుంది, తీసేసుకోండి" అన్నారు. మారు మాట్లాడకుండా కొనేశాం.

ఎవరైనా కారు గురించి అడిగితే మావారు మైలేజీ ఒక్కటే చెబుతారు. మిగతాది నేను చెబుతాను. ఆ రోజు ఆ పెద్దాయన కోప్పడి ఉంటే, మేం కారు కాదు కదా, సైకిలు కూడా కొనేవాళ్లం కాదేమో.