ఇవాళే ఆఖరు ఆట

కొల్లేటి ఒడ్డున జమ్ములంకలో వీరాస్వామి డప్పు మోగిందంటే గేదెలు కూడా మేత ఆపి వినేవి. ఊళ్ళో మునసబు గారి దండోరా వేసేది అతనే. శిస్తు కట్టమన్నా, కలరా తగిలింది నీళ్ళు కాచుకు తాగమన్నా, మూడు దెబ్బలు కొట్టి "వినండహో!" అని అరిచాడంటే అది నిజమే అయి తీరేది. అబద్ధమాడని నోరని ఊరంతా ఒప్పుకుంది. మిగతా నోళ్ళ మీద ఊరికి అంత నమ్మకం ఉండేది కాదు.

అలాంటి నోటిని టాకీసు పాడుచేసింది. తెరమీది బొమ్మలు అప్పుడప్పుడే మాటలు నేర్చిన రోజులవి. ఏలూరు నుంచి నిత్యానందం గారనే ఆయన టూరింగు టాకీసు తెచ్చి, ఊరి బయట మెరక మీద డేరా వేశారు. వీరాస్వామి గొంతు విని ముచ్చటపడి, రంగు కాగితాలు అంటించిన ఒంటెద్దు బండి ఎక్కించారు.

"సర్కారు మాటకి కొట్టే ఆ మూడు దెబ్బలే కొట్టు. జనానికి అలవాటు కదా" అన్నారు.

వీరాస్వామి కొట్టాడు. "వినండహో! ఇవాళే ఆఖరు ఆట!" అన్నాడు. మర్నాడూ అదే అన్నాడు. వానలు పడి డేరా ఎత్తేసేదాకా ఆ ఆట ఆఖరవుతూనే ఉంది. బండి ఊరికే తిరగడం దేనికని జుట్టు పెంచే నూనె, ముఖం తెల్లబరిచే సబ్బు కూడా నిత్యానందం గారు ఆ నోటికే అప్పగించారు. ఆ నూనె వీరాస్వామి భార్య నూకాలమ్మ కూడా రాసుకుంది. ఉన్న జుట్టులో సగం దువ్వెనకి వచ్చింది. ఆమె ఆ జుట్టు ఉండచుట్టి చూరులో దోపి పనిలోకి పోయింది. తిట్టినా బాగుండేదని వీరాస్వామికి అనిపించేది.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చిన వేళ మునసబు గారు దోనె మీద పక్క పల్లెకి పోతూ వీరాస్వామిని కేకేశారు. ఎగువ ఏర్లు పొంగాయి, పొద్దుగూకేలోపు కొల్లేరు ఊరి మీదికి వస్తుంది, అందరినీ మెరక ఎక్కించమన్నారు. వీరాస్వామి డప్పుకి సెగ చూపించి పరిగెత్తాడు. మూడు దెబ్బలు కొట్టాడు.

"వినండహో! కొల్లేరు వచ్చేస్తంది! ఇవాళే..."

"ఇవాళే ఆఖరా?" అన్నాడు అరుగు మీద వల అల్లుకుంటున్న బంగారురాజు, తల ఎత్తకుండానే. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు.

"నిజం బాబూ, మా అమ్మ మీద ఒట్టు!"

"సబ్బుకీ ఇలాగే ఒట్టేశావుగా" అంది ముసలి తాయారమ్మ.

వీరాస్వామికి ఏడుపు ముంచుకొచ్చింది. ఊరు మునిగిపోతుంటే తన నోరు పనికిరాకుండా పోయింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న నూకాలమ్మ కేసి కూడా తల ఎత్తలేకపోయాడు. అంతలో ఒక సంగతి గుర్తొచ్చింది. ఆఖరు ఆట అబద్ధమని తెలిసీ వీళ్ళంతా ఆటకి వెళ్ళారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ డప్పు ఎత్తాడు.

"వినండహో! మెరక మీదికి టాకీసు మళ్ళీ వచ్చింది! ఇవాళ ఉచితం! గొడ్డూ గోదాతో వచ్చినోళ్ళకి ముందు వరసహో! బొమ్మలో వరద కూడా ఉందహో!"

ఊరు ఖాళీ అయింది. చాపలు, వేయించిన సెనగలు పట్టుకుని, పశువుల్ని తోలుకుని జనం మెరక ఎక్కారు. తాయారమ్మ కోళ్ళగంపతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. నూకాలమ్మ ఒక్కతే బియ్యం మూట, వంట కుండ, ఉన్న రెండు దుప్పట్లు తెచ్చుకుంది.

పొద్దుగూకకముందే నీళ్ళొచ్చాయి. ఇళ్ళ కప్పులు లేచి తేలిపోతుంటే జనం గుడ్లప్పగించి చూశారు. మనిషి గానీ దూడ గానీ పోలేదు. బంగారురాజు వీరాస్వామి వైపు తిరిగాడు.

"అయితే బొమ్మ లేదన్నమాట."

"లేదు బాబూ."

"చూశారా, మళ్ళీ అబద్ధమే" అన్నాడు బంగారురాజు. తాయారమ్మ తలూపింది.

వీరాస్వామి వెళ్ళి భార్య పక్కన కూలబడ్డాడు. "నువ్వూ బొమ్మ ఉందనే వచ్చావా?" అని అడిగాడు.

"నూనె అమ్మినప్పుడు నువ్వు ఏడవలేదు మావా" అంది నూకాలమ్మ. మళ్ళీ చినుకు మొదలవుతుంటే డప్పు తడవకుండా దాని మీద దుప్పటి కప్పింది. "ఆ మూడు దెబ్బలూ సర్కారుకి ఉంచెయ్యి. బొమ్మలకి రెండు కొట్టు."