బంబుకు కట్టిన పడుగు

మా గల్లీలో బంబు కంటే పడుగుకే మర్యాద ఎక్కువ. ఈ మాట బయటివాళ్లకు చెబితే నవ్వుతారు. నవ్వనీయండి. దాజీ పేట్‌లో పుట్టి, పక్కింటి కరెంటు మగ్గాల, మా మాటలో సాంచాల, చప్పుడు ఆగితే నిద్రలోంచి లేచి కూర్చునే మాలాంటి వాళ్లకు ఇందులో నవ్వేందుకు ఏమీ లేదు.

బంబు అంటే స్నానానికి నీళ్లు కాచుకునే రాగి బంబు కాదు, అగ్గి ఆర్పే బండి. సోలాపూర్‌లో మరాఠీవాళ్లూ మేమూ అందరం దాన్ని అట్లాగే పిలుస్తాం. మా బాపు ఆ బంబుకు డ్రైవర్. మా వంశంలో మగ్గం గుంతలో కాలు పెట్టకుండా ఖాకీ తొడిగిన మొదటి మనిషి ఆయనే. ఆయన అన్న, మా పెద్దబాపు, గల్లీలో చేతిమగ్గం మీద చీర నేసే ఆఖరి మనిషి. మిగతావాళ్లందరూ ఎప్పుడో సాంచాలకూ తువ్వాళ్లకూ మారిపోయారు. అన్నదమ్ములవి పక్కపక్క ఇళ్లు. మధ్యలో ఒకే గోడ.

పొద్దున చాయ్ తాగుతూ పెద్దబాపు రోజూ ఒకటే అనేవాడు.

"మన ఇంట్ల నేత ఇడిసిపెట్టినోనివి నువ్వొక్కనివేరా తమ్మీ."

బాపు చాయ్ ఊదుకుంటూ, "నేను ఇడిసిపెడ్తేనే గదనే, నీకు అగ్గంటుకుంటె నీళ్లు తెస్తా," అనేవాడు.

ఇద్దరూ నవ్వేవాళ్లు. కానీ పెద్దబాపు నవ్వులో కొంచెం నిజం ఉండేది. అది మాకందరికీ తెలుసు.

పడుగు సంగతి కాస్త చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగులన్నిటినీ గల్లీ పొడుగునా సాపి, రెండు చివర్లా గుంజలకు బిగించి, మధ్యమధ్య కర్రలు దూర్చి, కుంచెతో గంజి పెడతారు. ఎండ ముదరకముందే ఆ పని కావాలి. ఎంత పెద్ద ఇల్లయినా అంత పొడుగు ఉండదు కాబట్టి పడుగుకు గల్లీయే దిక్కు. అది సాపి ఉన్నంతసేపు స్కూటర్లు ఆగిపోతాయి. కూరగాయల బండి చుట్టూ తిరిగి వస్తుంది. ఎంతటి పెద్దమనిషైనా వంగి కింద నుంచి పోవాలి తప్ప దాటకూడదు. ఇక కత్తెర పెట్టడమనే మాటే లేదు. సాపిన పడుగును తన చేత్తో కోసుకున్నవాడు మగ్గానికి వీపు చూపినట్టేనని మావాళ్ల నమ్మకం.

ఆ రోజు నేను పుట్టింట్లోనే ఉన్నాను. పెళ్లయ్యాక నా కాపురం విడీ ఘర్కుల్‌ అనే బీడీ కార్మికుల కాలనీలో. అయినా చేతికి పని ఎక్కడైనా ఒకటే కాబట్టి ఆకుల చాట పట్టుకుని అమ్మ దగ్గరికి వస్తూ ఉంటాను. అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతున్నాను. ఎదురుగా పెద్దబాపు పడుగు, గంజి పెట్టడం అప్పుడే అయింది. తడి పోగులు ఎండకు మెరుస్తున్నాయి. పెద్దమ్మ వెనకాల నడుస్తూ అతుక్కున్న పోగులు విడదీస్తోంది.

గల్లీ చివర తువ్వాళ్ల కార్ఖానా ఉంది. కింద సాంచాలు, పైన తువ్వాళ్ల అంచులు కుట్టే ఆడవాళ్లు. ముందు మాడు వాసన వచ్చింది. ఎవరింట్లోనో పప్పు అడుగంటింది అనుకున్నాను. తలెత్తేసరికి కార్ఖానా కిటికీలోంచి నల్లటి పొగ. సాంచాల మీద పడే దూది నుసికి నిప్పు తగిలితే ఎట్లా పాకుతుందో మాకు కొత్తగా చెప్పక్కర్లేదు. కిందివాళ్లు బయటికి ఉరికారు. పైన కుట్టే ఆడవాళ్లు మాత్రం మెట్ల మీద పొగ చూసి వెనక్కి తగ్గి, డాబా ఎక్కి కేకలు వేస్తున్నారు.

ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, కాసేపట్లోనే గంట వినిపించింది. మా బాపు నడిపే పాత బంబుకు ముందు ఒక ఇత్తడి గంట ఉండేది. సైరన్ ఎప్పుడు పనిచేస్తుందో ఎప్పుడు మూగబోతుందో దానికే తెలియదు కాబట్టి, క్లీనర్ తాడు లాగి గంట కొట్టేవాడు. బండి రంగు వెలిసి ఇటుక రంగులోకి దిగింది. కానీ మా గల్లీలో పట్టే బంబు అదొక్కటే. అద్దాలు మడిస్తే రెండు పక్కలా అరచేయంత సందు మిగిలేది.

గల్లీ మొదట్లో బంబు. చివర అగ్గి. మధ్యలో తడి పడుగు.

"కొయ్యుండ్రి, కొయ్యుండ్రి!" అని జనం అరుస్తున్నారు. ఎవరు కోస్తారు? ఎవరి చేయీ లేవలేదు. చివరికి పెద్దబాపే ఇంట్లోకి పోయి కత్తెర తెచ్చాడు. డాబా మీది ఆడవాళ్లను ఒకసారి చూశాడు. పోగుల మీద కత్తెర పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను, ఎందుకు అబద్ధం చెప్పాలి.

బాపు బండి దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"కొయ్యకే అన్నా! అందరు కర్రలు పట్టుండ్రి! ఎడమదిక్కు అరుగుల మీదికి ఎక్కుండ్రి! ఎత్తుండ్రి పైకి!"

అంతే. గుంజలు ఊడబెరికి ఇద్దరు పట్టుకున్నారు. తలా ఒక కర్ర అందుకున్నారు. నేను చాట పక్కన పడేసి పొగాకు చేతులతోనే ఒక కొస పట్టుకున్నాను. ఆడా మగా అందరం వరసగా అరుగులెక్కి, గోడలకు వీపులానించి, పడుగును నెత్తి మీదికి ఎత్తి నిలబడ్డాం. గంజినీళ్లు మొహాల మీద కారుతున్నాయి. అటూ ఇటూ ఆ అరచేయంత సందు మిగుల్చుకుంటూ బాపు బంబును మా పొట్టలకు తగలకుండా తీసుకుపోయాడు. మేము గోడలకు అతుక్కునే ఉన్నాం, బంబు వెనక చక్రం కూడా దాటిపోయింది.

మంట ఆరింది. నిచ్చెన మీంచి ఆడవాళ్లందరూ దగ్గుకుంటూ దిగివచ్చారు. ఒకామె నేల మీద కాలు పెట్టగానే చేసిన మొదటి పని, తన చెప్పులు ఎవరో వేసుకుపోయారని గొడవ పెట్టుకోవడం. దాంతో అందరికీ ప్రాణం కుదుటపడింది.

పడుగుకు మాత్రం పోగులు చాలా తెగాయి. పెద్దబాపు అన్నీ ఓపికగా అతికాడు. "పొగాకు చేతుల్తోటి పట్టినవ్ బిడ్డా, ఈ చీర కట్టుకున్నామె తుమ్ముకుంటనే ఉంటది," అని నన్ను తిట్టాడు కూడా.

తర్వాత గల్లీ పెద్దలు కూర్చున్నారు. ఈసారి గండం గడిచింది సరే, బాపు స్టేషన్‌కు కొత్త బంబు వస్తోందట, పాతదానికంటే వెడల్పు, గల్లీలో అతికష్టం మీద పడుతుంది. ఇక ఎడమా కుడీ అరుగులెక్కి ఎత్తినా లాభం లేదు. కాబట్టి గల్లీలో పడుగు సాపొద్దని తీర్మానం. ముందుగా చేయి ఎత్తింది పెద్దబాపే.

"ఆ ఆడోళ్లు డాబ మీద మొత్తుకునుడు నా చెవులల్లకెల్లి పోతలేదు," అన్నాడు. "నాదొక్క మగ్గం కోసం గల్లీ మూసుడు తప్పు."

ఇంటికొచ్చాక పెద్దమ్మతో చెప్పిన మాట గోడ ఇవతల మాకూ వినబడింది.

"ఈ పడుగు ఎల్లిందాక నేస్త. అటెన్క మగ్గం ఇప్పేస్త."

గంజి పెట్టిన తయారు పడుగులు బయట దొరుకుతాయి కదా అని నేను పోయి నచ్చజెప్పబోయాను. "ఇంకొకల గంజి నా మగ్గానికెందుకు?" అన్నాడు. మొండితనం మా ఇంటి ఆస్తి. నాకూ వాటా వచ్చింది కాబట్టి ఎక్కువ మాట్లాడలేదు. కానీ బాధేసింది. గోడ అవతల చప్పుడు రోజురోజుకూ నెమ్మదవుతోంది. పడుగు తొందరగా అయిపోకూడదని ఆయన మెల్లగా నేస్తున్నాడని మాకందరికీ అర్థమైంది. బాపు ఆ రోజుల్లో అన్నం ముందు కూర్చుని ఆ చప్పుడే వినేవాడు.

కొత్త బంబు వచ్చింది. ఎర్రగా, అద్దంలో మొహం చూసుకునేలా ఉంది. వెనక ఏముందో చూపించడానికి లోపల చిన్న తెర, నీళ్లు ఎంత జోరుగా పోవాలో చెప్పడానికి బటన్లు, పిలిస్తే పలికే సైరన్. బాపు దాన్ని నేర్చుకోవడానికి కళ్లద్దాలు పెట్టుకుని కుస్తీ పట్టాడు. "కొత్తదాంట్ల కూసుంటె సుట్టాలింట్ల కూసున్నట్టున్నది," అనేవాడు, కానీ ఇంటికొచ్చాక దాని గొప్పలే చెప్పేవాడు. పాతదాన్ని స్టేషన్ వెనక ఆవరణలో నిలబెట్టారు. వేలం వేస్తారట. ఆ కాగితాలు ఏ టేబుల్ మీద నిద్రపోతున్నాయో గానీ, హాయిగా నిద్రపోనీయండి.

ఖండే నవమి వచ్చింది. ఆ రోజు పనిముట్లన్నీ కడిగి పూజ చేస్తారు, మా మగ్గాలకు, వాళ్ల బంబులకు. బాపు ఎన్నడూ లేనిది ఆ ఏడు అన్నను స్టేషన్‌కు రమ్మన్నాడు. పెద్దబాపు తాను నేసిన శెల్లా, అంటే కండువా, ఒకటి భుజాన వేసుకుని బయల్దేరాడు. నేనూ వెంట పోయాను, ప్రసాదం వదులుకునే అలవాటు నాకు లేదు.

కొత్త బంబుకు బంతిపూల దండలు, గుమ్మడికాయ, హారతి. అందరూ దాని చుట్టే. పెద్దబాపు మాత్రం, "పాతది యాడున్నది?" అని అడిగి వెనక్కి నడిచాడు. తన శెల్లా దాని ముక్కు మీద కప్పి దండం పెట్టాడు. అక్కడ నేల మీద, పాత బంబు నుంచి అవతలి గోడ దాకా, కడిగిన నీళ్ల పైపులు పొడుగ్గా పరిచి ఆరబెట్టారు. ఆయన కూర్చుని ఒక పైపును వేళ్లతో నలిపి చూశాడు.

"అరే తమ్మీ, ఇది నేతనేరా! పడుగున్నది, పేకున్నది!"

"మరి ఇన్నేండ్లసంది నేను మోసిందేందనుకున్నవే?" అన్నాడు బాపు.

పెద్దబాపు లేచి పైపుల పక్కనే అడుగులో అడుగు వేసుకుంటూ గోడ దాకా పోయి వచ్చాడు. అప్పుడే అటు వచ్చిన స్టేషన్ పెద్ద, మరాఠీ సాహెబ్, నవ్వుతూ, "కాయ్ మోజ్‌తాయ్ మామా?" అన్నాడు. ఏం కొలుస్తున్నావని. పెద్దబాపు సిగ్గుపడ్డాడు. బాపు టోపీ సర్దుకుంటూ పక్కకు జరిగాడు, సాహెబ్ ముందు ఆయనెప్పుడూ అంతే. ఇక ఊరుకుంటే లాభం లేదని నేనే నాకొచ్చిన మరాఠీలో సంగతంతా చెప్పేశాను, గల్లీ, పడుగు, మగ్గం విప్పేస్తాననడం, అన్నీ.

సాహెబ్ కాసేపు పాత బంబు వైపూ, పైపుల వైపూ చూశాడు. పొద్దున్నే పైపులు పరచకముందు వచ్చి పడుగు ఇక్కడే సాపుకోమన్నాడు. ఒక్క షరతు. స్టేషన్‌లో గంట మోగితే బండి ఆగదు. దారిలో పడుగుంటే మీ దారం మీ ఇష్టం, మా పని మాదే. పెద్దబాపు ఒప్పుకున్నాడు. మాట ఇచ్చినందుకు ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా నడుముకు కత్తెర చెక్కుకునే వచ్చాడు. సాపిన ప్రతి పడుగుకూ ఇదే ఆఖరిదని అంటూనే ఉన్నాడు.

పడుగు ఒక కొస గోడకున్న ఇనుప కొక్కేనికి కట్టాడు. రెండో కొస పాత బంబు ముందున్న, బండ్లను లాగే కొక్కేనికి. పెద్దమ్మ గంజి బకెట్ దాని మెట్టు మీద పెట్టుకుంది. స్టేషన్‌లో కుర్రాళ్లు మొదట్లో చాలా వెక్కిరించారు. "మామా, మాకూ ఒక లుంగీ నెయ్యి," అని. తర్వాత గంజి మోసుకొచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఒక పొద్దున కొత్త బంబు నీళ్లు నింపుకోవడానికి వెనక హౌజు దగ్గరికి వచ్చి ఉంది. బాపు స్టీరింగ్ ముందు. పడుగు తడిగా, ఆవరణకు అడ్డంగా. పెద్దమ్మకు టిఫిన్ తెచ్చిన నేను పక్కనే. గంట మోగింది.

పెద్దబాపు కత్తెర తీశాడు. ఈసారి తటపటాయించలేదు. మాట మాటే. కొక్కెం దగ్గర పోగుల మీద కత్తెర నోరు పెట్టాడు కూడా.

"మామా, థాంబా!"

ఆగమంటూ నలుగురైదుగురు పరుగెత్తుకొచ్చారు. ఎవరూ వాళ్లకు నేర్పలేదు, చూసి చూసి వచ్చిందేమో. ఒకడు గోడ కొక్కెం నుంచి కొస విప్పాడు. మిగతావాళ్లు కర్రలు పట్టుకుని, పాత బంబు మెట్ల మీదికి, దాని ముక్కు మీదికి, నిచ్చెన మీదికి బూట్లతోనే ఎక్కి, పడుగును మొత్తం ఆ బండి పక్కకు లాక్కుని నెత్తి మీదికి ఎత్తారు. ఆవరణ ఖాళీ అయింది. బాపు కొత్త బంబును ముందుకు కదిపాడు. పోతూ పోతూ కిటికీలోంచి అన్నవైపు చూశాడు. సైరన్ మోగించుకుంటూ వెళ్లిపోయాడు.

ఈ కుర్రాళ్లకు ఎత్తడం వచ్చు గానీ దించడం రాదు. అట్లాగే నిలబడ్డారు, గంజి మొహాల మీద కారుతుంటే. "మామా, ఖాలీ ఠేవూ కా?" అని ఒకడు అడిగాడు, కింద పెట్టమంటావా అని. పెద్దబాపు కత్తెరను మళ్లీ నడుముకు చెక్కుకున్నాడు. నేనూ పెద్దమ్మా దగ్గరుండి దింపించాం.

బాపు మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి పడుగు ఆరిపోయింది. పెద్దబాపు పాత బంబు మెట్టు మీద కూర్చుని పోగులు అతుకుతున్నాడు.

"ఆరిందా?" అన్నాడు తలెత్తకుండా.

"ఆరింది. గడ్డివామే, ఎవ్వలికేం కాలే. నీయి తెగినయా?"

"తెగినయి. ఆ పిలగాళ్ల బూట్ల మరకలు గూడ పడ్డయి. పడితే పడనీ." పోగు ముడివేసి, దారం కొస పంటితో తెంపాడు. "వచ్చే వారం ఇంకో పడుగు సాపుత తమ్మీ. జర పొడుగున్నది. నీ బంబును గింతంత ఎన్కకు జరిపి పెట్టు."

బాపు ఉలిక్కిపడి నావైపు చూశాడు. ఇంకో పడుగు అనే మాట ఆ నోట విని మాకు చాలా కాలమైంది.

"అది నడువదే అన్నా," అన్నాడు. "ఈడ నిలవెట్టినంక ఇంజన్ పోయింది."

పెద్దబాపు దాని ముక్కు మీద అరచేత్తో తట్టాడు.

"నడువకుంటెనే మంచిదిరా. గుంజ కదుల్తదా?"