రెండు డయోడ్లు, ఒక ఇనప స్తంభం

మీరు దేన్నయినా పరీక్షించకుండా నమ్మారా? వెంటనే లేదనకండి. నేనూ అలాగే లేదన్నవాణ్ణే. మూఢ నమ్మకాలకి వ్యతిరేకంగా ఇరవయ్యేళ్ళు ఉపన్యాసాలిచ్చి, అరవైమంది ఎదుట, చనిపోయిన స్నేహితుడి సంస్మరణ సభని నా మూఢ నమ్మకంతో నాశనం చేశాను. దేవుడి మీద నమ్మకం కాదు, నా చేతిపని మీద నమ్మకం. అది ఇంకా ప్రమాదకరమైంది.

ఎనభయ్యో దశకం మొదట్లో మాట. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. నేను కార్ల కంపెనీలో వైరింగ్ బొమ్మలు గీసే ఎలక్ట్రికల్ ఇంజనీరుని. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత నా తెలివిని కొలవడానికి పనికొస్తుంది. రత్నం నా సహోద్యోగి, వాదాల్లో నా కుడిభుజం. కాన్సర్ అని తెలిశాక అతను పూజలకి ఒప్పుకోలేదు. ఒక కేసెట్‌లో తన చివరి మాటలు రికార్డు చేసి నా చేతికిచ్చాడు.

"పంతులుగారు వద్దు. ఇది వినిపించు. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా వినపడాలి."

"నేను ఆంప్లిఫయర్ కడుతున్నాగా. వీధి చివరికి వినపడుతుంది."

మంచం మీదే నా డ్రాయింగ్ తెప్పించుకుని చూశాడు. "ఇన్‌పుట్‌లో ఒక రెసిస్టరూ రెండు డయోడ్లూ పెట్టరా. బయటినుంచి వోల్టేజి ఎక్కువొస్తే అవి పక్కకి మళ్ళిస్తాయి. లేకపోతే చిప్ పోతుంది."

"డిజైన్ సరిగ్గా ఉంటే చిప్‌కి తాయెత్తు ఎందుకురా?"

"తాయెత్తు కాదు, గొడుగు. వర్షం నీ డిజైన్ చూసి ఆగదు."

నవ్వి ఊరుకున్నాను. గెలిచాననే అనుకున్నాను. మర్నాడు కేసెట్ వెనక్కి తీసుకుని, చివర్లో ఇంకో మాట కలిపి ఇచ్చాడు. నాలుగు వారాలకి అతను పోయాడు.

సభ రత్నం ఇంటి బేస్‌మెంట్‌లో, జనవరిలో ఒక ఆదివారం. బయట మోకాలి లోతు మంచు, లోపల హీటర్ వేడికి అప్పడంలా ఎండిన గాలి. నైలాన్ కార్పెట్. చెప్పులు, బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలన్న ఆచారాన్ని మాత్రం మా హేతువాదులెవరూ ప్రశ్నించలేదు. అందరం ఉన్ని మేజోళ్ళతో నడుస్తూ, చేతులు కలిపినప్పుడల్లా చురుక్కుమని ఉలిక్కిపడుతున్నాం.

రత్నం తల్లి మాణిక్యమ్మగారు కొడుకు చివరిరోజుల కోసం గుడివాడనుంచి వచ్చారు. బేస్‌మెంట్ మధ్యలో ఇంటిని మోసే ఇనప స్తంభం ఒకటుంది. ఆవిడ ఏది ముట్టుకోవాలన్నా ముందు ఆ స్తంభాన్ని ఓసారి తాకివస్తున్నారు. నా కళ్ళెర్రబడ్డాయి. కొడుకేమో పూజలు వద్దన్నాడు, తల్లేమో స్తంభానికి మొక్కుతోంది. ఆ మాట ఆవిడతోనే అనేశాను.

"మొక్కడం కాదు నాయనా. ముందు దీన్ని ముట్టుకుంటే, ఆ తర్వాత దేన్ని పట్టుకున్నా చెయ్యి చురుక్కుమనదు. నాలుగు రోజులుగా చూస్తున్నా."

నేను ఊరుకున్నానా? పది నిమిషాలు కాకతాళీయం గురించి ప్రసంగించాను. నాలుగు రోజులు ఆవిడ ప్రయోగం చేసింది, నేను ప్రవచనం చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, మళ్ళీ వెళ్ళి స్తంభాన్ని తాకి, మంచినీళ్ళ గ్లాసు తీసుకున్నారు.

రత్నం మేనమామ శేషయ్యగారు తన ఇంటినుంచి స్టీరియో తెస్తానని ముందురోజే అన్నారు. వద్దన్నాను. పంతులుగారిని కూడా ఆయనే మాట్లాడబోతే దానికీ అడ్డుపడ్డాను. అంటే ఆ గదిలో ఇక దిక్కు నా ఆంప్లిఫయరే.

అరవైమంది కూర్చున్నారు. మాణిక్యమ్మగారు ముందు వరసలో, కొడుకు గొంతు విందామని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. నేను గది ఆ చివరనుంచి ఈ చివరికి, కార్పెట్ మీద మేజోళ్ళు రాసుకుంటూ, పెళ్ళికొడుకులా నడిచొచ్చాను. స్విచ్ వేశాను. ఇన్‌పుట్‌కి వేలు తగిలిస్తే స్పీకర్లో బుయ్‌మని మోగుతుంది. పని చేస్తోందనడానికి అది గుర్తు. అందరికీ కనపడేలా వేలు చాపాను.

వేలు తగలకముందే చిన్న నీలిరంగు నిప్పురవ్వ ఎగిరింది. మేజోళ్ళ రాపిడికి నా ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తు అది; ముందే ఆ ఇనప స్తంభాన్ని తాకుంటే అందులోకి పోయేది. స్పీకర్లో టప్‌మంది. ఆపైన నిశ్శబ్దం. చచ్చిపోయిన చిప్ చేసే నిశ్శబ్దం ఒకటుంటుంది, దాన్ని ఇంజనీర్లు వెంటనే గుర్తుపడతారు. అది అలాంటిదే.

వైర్లు పీకాను, పెట్టాను. వేరే చిప్ లేదు, కొట్లు మూసేశారు. మంచులో శేషయ్యగారి స్టీరియో రావాలంటే గంటన్నర. ఆయన గొంతు సవరించుకుని శ్లోకం ఎత్తుకోబోయారు. కేసెట్ డెక్‌కి సొంత స్పీకర్ లేదు. ఉన్నది ఒక్క హెడ్‌ఫోన్ రంధ్రం. ఎవరో హెడ్‌ఫోన్లు తెచ్చి తల్లికిచ్చారు.

ఆవిడ లేచి స్తంభాన్ని తాకారు. తర్వాత చెవులకి పెట్టుకున్నారు.

నేను డెక్ మీట నొక్కాను. తర్వాత, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళంతా మాట్లాడినట్టే, గట్టిగా మొదలుపెట్టారు. వాడు అన్న ప్రతి మాటా మాకు అప్పజెప్పారు. "మంత్రాలు వద్దంటున్నాడు." శేషయ్యగారు కూర్చున్నారు. "అమ్మ ఏడిస్తే ఏడవనివ్వండి, ఆపొద్దు అంటున్నాడు." ఆవిడ ఏడవలేదు. వెనక వరసల్లో వాళ్ళు ఏడ్చారు. నలభయ్యేళ్ళుగా నోములు నోచిన ఆ తల్లి నోట, కొడుకు నాస్తికత్వం ఒక్క మాట పొల్లుపోకుండా వినపడింది.

చివర్లో ఆవిడ నావైపు తిరిగారు.

"నీకు చెబుతున్నాడు నాయనా. ఇది అందరికీ వినపడుతోందంటే ఆ రెండు డయోడ్లు పెట్టావన్నమాటేనట. నా మాట విన్నందుకు థాంక్స్ రా అంటున్నాడు." ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ జరిపి అడిగారు. "పెట్టావా?"

అరవైమంది నన్నే చూస్తున్నారు. "లేదండీ," అన్నాను.

ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టారు. "సరేలే. ఆ స్తంభం ముట్టుకునొచ్చి కూర్చో."

వెళ్ళి ముట్టుకున్నాను. చురుక్కుమంది. అలాగే కూర్చున్నాను.

ఆరోజునుంచి నాదొక శపథం. రెసిస్టరూ, రెండు డయోడ్లూ లేని ఇన్‌పుట్‌కి ప్రాణమున్నంతవరకూ వేలు చూపించను. ఇనుము ముట్టుకోకుండా దేన్నీ ముట్టుకోను. ఎవరైనా మొక్కుతున్నావా అంటే మొక్కుతున్నాననే చెబుతాను.

ఇక మీరు. ఏ పనిలో మీకు అనుమానమే లేదో, ఎవరు చెప్పినా నవ్వి ఊరుకున్నారో, దాని మూత ఇప్పుడే విప్పండి. చెప్పినవాళ్ళు బతికుండగానే విప్పండి.