గాలికెదురొచ్చిన నలుపు

పద్మకుమారి టీచరు మెడ ఎప్పుడూ కాస్త వెనక్కి వాలే ఉంటుంది. జబ్బేమీ కాదు. ఏళ్ళ తరబడి ఆకాశం చూసీ చూసీ అలా నిలబడిపోయింది, అంతే. రాంచీకి అవతలున్న ఈ ఉక్కు ఊళ్ళో, బర్మామైన్స్ పేట సందుల్లో మురిక్కాలవలకి మూతలుండవు. పైకి చూస్తూ నడిచే మనిషి వాటిలో ఎన్నిసార్లు కాలు పెట్టిందో ఆ కాలవలకే తెలియాలి. "టీచరమ్మా, కింద సూడు" అని ఎవరో ఒకరు అరవడం, ఆవిడ "ఆఁ, చూస్తున్నా" అంటూ పైకే చూడడం ఆ వీధికి రోజూ ఉండే కాలక్షేపం.

వాళ్ళ నాన్న సోంపేట దగ్గర పల్లె నుంచి వచ్చి రైల్వేలో ఫిట్టరుగా కుదిరాడు. బాగ్‌బేరా క్వార్టర్లో పుట్టి, బండ్ల కూతల మధ్య చదువుకుని, ఫిజిక్సులో ఎమ్మెస్సీ దాకా వెళ్ళిందావిడ. వాతావరణ శాఖలో ఉద్యోగం చెయ్యాలని మహా ఆశ. పరీక్ష గట్టెక్కింది, ఇంటర్వ్యూలో తన్నేసింది. ఒక రోజంతా తలుపేసుకుని ఏడ్చింది. ఉద్యోగం పోతే పోయింది, ఆకాశం ఎవడబ్బ సొమ్మని, తెలుగువాళ్ళ పిల్లలు ఎక్కువగా చదివే ఓ చిన్న బడిలో సైన్సు టీచరుగా చేరిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆవిడ పాఠం చెప్పే తీరే వేరు. బడి వదిలాక, ఎండ కాస్త దిగాక, ఇష్టమున్న పిల్లల్ని మేడ మీదికి తోలుకెళ్తుంది. "ఆకాశం మొత్తం ఒక దిబ్బరొట్టె అనుకోండి. ఎనిమిది ముక్కలు కొయ్యండి. మబ్బు ఎన్ని ముక్కలు తినేసిందో చెప్పండి" అంటుంది. వాతావరణ కేంద్రాల్లో కూడా మబ్బుని ఇలా ఎనిమిదింట ఎన్ని వంతులనే కొలుస్తారని ఆ తర్వాత చెబుతుంది. దూదిపింజల మబ్బేదో, దుప్పటిలా పరుచుకునేదేదో, కోలిఫ్లవర్‌లా పైపైకి పొంగి ఉరుములు తెచ్చేదేదో పిల్లలు వేలు పెట్టి చూపించేస్తారు. ఒక్క ఉక్కు ప్లాంటు దగ్గరే వస్తుంది చిక్కు. పొగగొట్టాల పొగ, నీళ్ళు పోసి చల్లార్చినప్పుడు లేచే తెల్లటి ఆవిరి, అన్నీ కలిసి వాయవ్యం మూల ఎప్పుడూ ఏదో ఒకటి తేలుతూనే ఉంటుంది. "మా నాన్న ప్లాంట్ మే బాదల్ బనాతే హైఁ" అని, వాళ్ళ నాన్న ప్లాంటులో మబ్బులు తయారుచేస్తాడని, ఆరో క్లాసు కుర్రాడొకడు గొప్పలు కూడా పోయాడు. వాడికి నచ్చజెప్పేసరికి టీచరుకి తల ప్రాణం తోకకొచ్చింది.

మబ్బులు గుర్తుపట్టడం వచ్చాక బడి గేటు పక్కన ఒక నల్లబోర్డు వెలిసింది. సాయంత్రానికి వానుందో లేదో మధ్యాహ్నం బెల్లులోనే పిల్లలు చూసి, పైన తెలుగులో, కింద హిందీలో రాయాలి. రాసేది తనుశ్రీ. ఏడో క్లాసు. పుట్టినప్పుడు పక్కింటి బెంగాలీ ఆవిడ ముద్దుగా పెట్టిన పేరది. ఇంట్లో తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే బాపతే గాని, ఆ పిల్ల కళ్ళు డేగ కళ్ళు.

ఆ బోర్డుని అందరికన్నా ముందు నమ్మింది తనుశ్రీ నాన్నమ్మ జోగమ్మ. నమ్మదూ మరి? వేసవంతా ఆవిడా, సందులో ఇంకొందరు ఆడవాళ్ళూ డాబాల మీద తడిచీరలు పరిచి పిండి వడియాలు పెడతారు. ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటికీ అవే వెళ్తాయి. జోగమ్మ టెక్కలి వైపు నుంచి కోడలిగా వచ్చి ముసలిదైపోయింది గాని, డాబా మీద పీట మాత్రం ఇప్పటికీ తూర్పుకే వేసుకుంటుంది. వాన సముద్రం మీంచి రావాలి, సముద్రం తూర్పునుంది, కాబట్టి తూర్పు నల్లబడాలి. పుట్టింట్లో నేర్చిన లెక్క అది. సందులో సిక్కోలు ఆడవాళ్ళందరిదీ అదే లెక్క. ఈ ఊళ్ళో వేసవి గాలివాన మాత్రం వాయవ్యం నుంచి, రాంచీ కొండల మీంచి, ప్లాంటు వెనక నుంచి వచ్చి పడుతుంది. ఏటా తడుస్తారు, ఏటా తూర్పుకే చూస్తారు.

ఆ ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ప్లాంటు వెనక ఒక నలుపు కనిపించింది. తనుశ్రీ దాన్నే చూస్తూ నిలబడింది.

"మిస్, వో ధువాఁ నహీఁ లగ్ రహా" అంది. పొగలా లేదని.

టీచరు ఒక్కసారి అటు చూసి, తూర్పుకి తిరిగింది. తూర్పు కడిగిన పళ్ళెంలా ఉంది. "పొగే లేవే. ఈ రోజు ఏదో ఎక్కువ వదిలినట్టున్నారు. వాన లేదని రాసెయ్" అంది.

పిల్ల రాసేసింది. సందులో వాళ్ళు డాబాల మీద వడియాలు వదిలేసి, తలుపులకి తాళాలేసుకుని, బాగ్‌బేరాలో ఎవరిదో సీమంతానికి వెళ్ళిపోయారు. వాళ్ళు నోట్లో తాంబూలం నమిలేలోపే గాలి లేచింది. దుమ్ము, ఉరుము, ఆ వెనకే కుండపోత. తిరిగొచ్చి చూస్తే పిండంతా గంజై, తూముల్లోంచి వీధిలోకి కారుతోంది.

జోగమ్మ తడిచీర పిండుతూ మనవరాలితో ఒకే మాట అంది. "నీ సుద్దముక్కని నమ్ముకోని పేరంటానికి ఎల్లినాను సూడు, నాది బుద్దితక్కువ."

ఆ మాట ఆ పిల్లకి ముల్లులా దిగింది. మర్నాడు మేడ మీదికి రాలేదు. టీచరు పిలిచి సుద్దముక్క ఇస్తే చేతులు వెనక్కి పెట్టేసుకుని, "మైఁ నహీఁ లిఖూఁగీ" అంది. ఇక రాయనంటే రాయనని. బోర్డు ఖాళీగా ఉండిపోయింది.

పద్మకుమారికి ఆ రాత్రి అన్నం సహించలేదు. వడియాలంటే మళ్ళీ పెట్టుకుంటారు. చూసింది చూసినట్టు చెప్పిన పిల్లని నోరు మూయించి, ఆ కళ్ళ మీద దానికే నమ్మకం లేకుండా చేసింది తను. ఆ పిల్ల ఇక తలెత్తి చూడదేమోనని భయం పట్టుకుంది. బడిలో ఇన్నేళ్ళలో అలాంటి కళ్ళున్న పిల్ల ఆవిడకి దొరకలేదు.

మర్నాడు సాయంత్రం తిన్నగా జోగమ్మ ఇంటికెళ్ళింది. తనుశ్రీ గుమ్మం పక్కన తల వంచుకుని కూర్చునుంది.

"పిల్ల తప్పేం లేదప్పా. అది సరిగ్గానే చూసింది. పొగని కొట్టిపారేసింది నేను" అంది టీచరు.

జోగమ్మ ఎగాదిగా చూసింది. "మరంత సదువుకున్నావు, పొగకీ మబ్బుకీ తేడా తెలీదా?"

"తెలుసు. తెలిసీ చూళ్ళేదు. మా అమ్మ నేర్పిన అలవాటు, నేనూ నీలాగే తూర్పుకే చూస్తున్నాను."

జోగమ్మకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "కూకో. టీ పెడతాను" అంది.

టీ వచ్చేలోపు టీచరు తనుశ్రీ పక్కన మెట్టు మీద కూర్చుంది. "ఆ రోజు అది పొగ కాదని నీకెందుకనిపించింది?" అని అడిగింది.

 పిల్ల తలెత్తకుండానే హిందీలో గొణిగింది. పొగలన్నీ అవతలికి వాలుతున్నాయి, నలుపు మాత్రం ఇవతలికొస్తోంది, అందుకని.

పద్మకుమారి ఆ రోజు ఆకాశాన్ని మళ్ళీ గుర్తు చేసుకుంది. గాలి సముద్రం వైపు నుంచి తేమని మోసుకెళ్తోంది, ఆ తేమ తిని కొండల మీద మబ్బు బలిసి గాలికే ఎదురొస్తోంది. పుస్తకంలో పేజీల కొద్దీ ఉన్న సంగతి పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది. "ఓసి నా తల్లీ, పొగెప్పుడైనా గాలికి ఎదురొస్తుందటే" అని ఆ పిల్ల తల నిమిరింది. 

ఆ వారమంతా మేడ మీద పాఠం ఇదే. తనుశ్రీ వెనక వరసలో కూర్చుని వింది. "నిపుణులు ఒక్క కిటికీలోంచి చూసి చెప్పరు" అంది టీచరు. "పైనుంచి ఉపగ్రహం ఫొటో తీస్తుంది. రాడార్ అలల్ని పంపిస్తే వాన చినుకులకి తగిలి తిరిగొస్తాయి. బెలూన్ పైకెళ్ళి అక్కడి గాలీ తేమా కొలుస్తుంది. ఇంత చూసీ వాళ్ళు అవకాశం ఉందనే అంటారు. మనమేమో వాన లేదని తేల్చేశాం. నేను చేసిన రెండో తప్పు అది. ఇకమీదట ఎంత నమ్మకమో, ఎందుకో కూడా రాద్దాం."

మళ్ళీ ఒక మధ్యాహ్నం నలుపు లేచింది. పొగలు అటు వాలి ఉన్నాయి. ఫోన్లో ఉపగ్రహం ఫొటో తెరిచి చూస్తే రాంచీ మీద తెల్లటి మచ్చ. పిల్లలందరూ వెనక్కి తిరిగి తనుశ్రీని చూశారు. టీచరు సుద్దముక్క పిట్టగోడ మీద పెట్టింది. చివరికి ఆ పిల్లే లేచి, దాన్ని తీసుకుని బోర్డు దగ్గరికి దిగింది. "గాలివాన వచ్చే అవకాశం చాలా ఎక్కువ. పొగ అటు, మబ్బు ఇటు" అని రాసింది. అక్షరాలు కాస్త వంకరపోయాయి.

తూర్పు మాత్రం తెల్లగా మెరిసిపోతోంది. అయినా జోగమ్మ సణుక్కుంటూనే వడియాలు ఎత్తించింది. ఆవిడని చూసి మిగతావాళ్ళూ ఎత్తారు.

వాన పడలేదు. దుమ్ము లేచింది, రెండు చినుకులు రాలాయి, ఎండ మళ్ళీ వచ్చేసింది. డాబాల మీంచి ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.  తనుశ్రీ తడిగుడ్డ తీసి బోర్డు తుడిచేయబోయింది.

అంతలో జోగమ్మ ఫోను మోగింది. దగ్గర్లోనే పర్సుడీహ్‌ పేటలో ఉండే ఆవిడ చెల్లెలు చిలకమ్మ. ఆవిడ గొంతుకి ఫోనెందుకు, సందంతా వినపడింది. "అప్పా, వడగళ్ళే, నిమ్మకాయలంతేసి. మా రేకులు చిల్లులు పడిపోనాయి. మీ కాడేటి?"

"మా కాడ పడనేదు. పక్కనించి ఎల్లిపోనాది" అంది జోగమ్మ నెమ్మదిగా. ఫోను పెట్టేసి, మనవరాలి చేతిలోంచి తడిగుడ్డ లాగేసుకుంది. "తుడిసీకు. వచ్చిందిగా. మన మీంచి రానేదు, అంతే."

మర్నాడు మేడ మీదికొచ్చిన పద్మకుమారి పిట్టగోడ మీంచి తొంగి చూసి ఆగిపోయింది. ఎదుటి డాబా మీద జోగమ్మ పీట వేసుకుని కూర్చునుంది. పీట ప్లాంటు వైపు తిరిగి ఉంది.

"ఓలే తనూ," అని అక్కణ్నుంచే కేకేసింది జోగమ్మ, "పొగ తిన్నగా లేత్తన్నాది. అటూ నేదు, ఇటూ నేదు. ఇయాల ఏటి రాత్తావు?"

తనుశ్రీ వాయవ్యం చూసింది. పల్చటి మరకలాంటిదేదో ఉంది. మబ్బో పొగో చెప్పలేని మరక. టీచరు వైపు తిరిగింది. టీచరు సుద్దముక్క అందించింది. పిల్ల కిందికి దిగి, బోర్డు మీద రాసి, నాన్నమ్మకి చదువు రాదు కాబట్టి తలెత్తి గట్టిగా చదివింది.

"ఇప్పుడే తెలియదు. కాసేపాగి మళ్ళీ చూసి చెప్తాం."

డాబా నిండా వడియాలు. జోగమ్మ వాటిని ఒకసారి చూసుకుంది, ప్లాంటు వైపు చూసింది.

"సరే, సూసే సెప్పు. నానిక్కడే ఉంటాను" అంది, కొంగు నెత్తిన కప్పుకుని.