పూల్‌సింగ్ పెద్దరికం

పూల్‌సింగ్‌కు ఇరవై ఏడేళ్లు నిండాయి గానీ, గోలీలు కనిపిస్తే ఏడే. చండ్రుగొండ అవతల, అడవి అంచున ఉన్న ఆ తండాలో ఎక్కడ ఆట సాగినా అతను అందులో ఉండాల్సిందే. ఎడ్లను వాగుకు తోలుకుపొమ్మంటే దారిలో కోతికొమ్మచ్చి ఆడి చొక్కా చింపుకునేవాడు. ఎడ్లు తమంతట తామే నీళ్లు తాగి, అతనికంటే ముందే ఇల్లు చేరేవి.

ఎనభై నాలుగు ఎండాకాలంలో భార్య సోమ్లికి నెలలు నిండాయి. ఊయల కట్టడానికి తాడు తెమ్మని మొగుణ్ని సంతకు పంపింది. తాడు వచ్చింది గానీ ఇంట్లోకి రాలేదు. తండా మొదట్లో ఇప్పచెట్టుకు ఉయ్యాలై వేలాడింది.

"గదేంది?" అంది సోమ్లి.

"ఎంత బరువు ఆగుతదో చూస్తున్న."

"ఎంతమంది ఎక్కిన్రు?"

"నాతోని ఆరుగురు."

తండ్రి హరిలాల్ కట్టె అందుకున్నాడు. "అరేయ్, గిట్లనే ఉంటే నీ బిడ్డ నిన్ను నాయినా అనదు. ఆటకొస్తవా అంటది!"

ఆ మాట పూల్‌సింగ్‌కు గుచ్చుకుంది. మర్నాడే తలకు రుమాలు చుట్టి, పెద్దల పక్కన మంచం మీద కూర్చుని, ఎరువు బస్తాల ముచ్చటకు తలూపాడు. దగ్గు రాకపోయినా దగ్గాడు. పిల్లలు వచ్చి, "మామా, జరమొచ్చిందా?" అని చెయ్యి పట్టి చూసిపోయారు. మూడోనాడు ఓ గోలీ దొర్లుతూ కాలి దగ్గరికి వచ్చింది. పూల్‌సింగ్ కళ్లు మూసుకున్నాడు. బొటనవేలు మాత్రం ఊరుకోలేదు.

"కొట్టిన!" అంటూ మంచం మీద ఎగిరాడు. పట్టె విరిగింది. ముగ్గురు పెద్దలు నేలకు దిగారు.

సోమ్లికి ఏడుపొచ్చింది. "కడుపుల బిడ్డ మీద ఒట్టెయ్. ఇయ్యాల్టిసంది ఆటలు బంద్."

వేశాడు. ఈసారి నిలబెట్టుకున్నాడు కూడా. గొడ్డలి భుజాన వేసుకుని కంచె పనికి పోయి, తలొంచుకుని వచ్చి, సగం అన్నం తిని లేచేవాడు. ఇంట్లో ఒక మనిషి తగ్గినట్టు అనిపించినా సోమ్లి పైకి అనలేదు.

వారం తిరిగేసరికి వాకిట్లో పదిమంది ఆడవాళ్లు. అందరికంటే ముందు, పక్క గూడెం ముత్తక్క.

"సోమ్లీ, నీ మొగని ఒట్టు తీసెయ్ బిడ్డా. తునికాకుకు పోలేకపోతున్నం."

"ఆకు తెంపనీకి ఆయనెందుకు?"

"మనం అడివిల ఉంటే పదిహేడుమంది పిల్లల్ని ఎవరు చూస్తున్నరనుకున్నవ్? ఎండల తిరగనియ్యడు, వాగు దిక్కు పోనియ్యడు. అంబలి ముందు తాగినోళ్లు గెలిచినట్టని పందెం పెడ్తడు. రోజూ తనే ఓడిపోతడు. మొన్న మా మనమడు వాగు మడుగుల దిగిండు. ఎవరో జూసి గుంజిన్రు గాబట్టి బతికిండు."

ఏటా సోమ్లీ నెత్తిన ఆకు మోపుతో అడవిలోనే ఉండేది. పిల్లలు వాళ్లంతట వాళ్లే పెరుగుతున్నారనుకుంది.

పొద్దుగూకే వేళకు పూల్‌సింగ్ వచ్చాడు.

"గీ ముచ్చట నాకెందుకు చెప్పలే?" అని నిలదీసింది.

"ఏం చెప్పాలె? ఆడుకున్న గంతే" అన్నాడు తప్పుచేసినవాడిలా.

"రేపటిసంది మళ్ల ఆడు."

"మరి ఒట్టు?"

"వేయించింది నేను. తీసేది గూడ నేనే."

పదో రోజు దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ కాగితం రాసుకుంటూ, "మొదటి కాన్పేనా?" అని అడిగింది.

"నాకు మొదటిదే" అంది సోమ్లి, తలెత్తి. "ఆయనకు పద్దెనిమిదోది."

నర్సమ్మ కలం ఆపి, గుమ్మం దగ్గర బిడ్డకు చిటికెలు వేస్తున్న పూల్‌సింగ్‌ను కిందినుంచి పైదాకా చూసింది.