నది మధ్యలో ఆపేసిన నవల

ఒక మహా నవలాకారుడు ప్రపంచ సాహిత్యానికి చేసిన సేవ గురించి నేను నోరు విప్పింది జీవితంలో ఒక్కసారే. దాంతో నా కలెక్టరు ఉద్యోగం పోయింది. రాకముందే పోయింది గనుక పోయిందనడం కూడా గొప్పే అనుకోండి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన రెండేళ్ళకు జరిగిన సంగతి. కరోల్‌బాగ్‌లో ఒక మేడ మీది గదిలో నేనూ, కడప జిల్లా ఓబులేసూ సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుతుండేవాళ్ళం. ఆ ఏడు నేను రాతపరీక్ష నెగ్గాను. మరుసటి ఏటికి వయసు దాటిపోతుంది కాబట్టి అదే చివరి అవకాశం. గుడివాడలో మా నాన్న ఇంటికి వచ్చినవాళ్ళందరికీ "ఇంక ఇంటర్వ్యూ ఒక్కటే ఉంది" అని చెబుతున్నారట. ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

దరఖాస్తులో హాబీ ఏమిటని అడిగిన చోట బుద్ధిమంతులు తోటపని అని రాసేవారు. నేను 'ప్రపంచ ప్రఖ్యాత నవలాకారులు' అని రాశాను. ఎద్దు ఈనిందని నేనే చెప్పి, దూడను కట్టెయ్యడానికి తాడు కూడా నేనే తెచ్చుకున్నానన్నమాట. నిజానికి నేను చదివింది తెలుగు సంఘం లైబ్రరీలో దొరికిన ఒకే ఒక్క అనువాద నవల.

ఆ లైబ్రరీలో ఒక ఆచారం ఉండేది. పుస్తకం కాస్త నలిగితే చాలు, అట్టనూ, దాంతోపాటు ముందూ వెనకా ఊడొచ్చిన కాగితాలనూ పారేసి దళసరి కాలికో గుడ్డ బైండు వేయించేవారు. పైన పేరు ఉండదు, నంబరే. నా నవలకూ ఆ మర్యాద జరిగింది. రచయిత పేరు మాత్రం లోపలి పేజీల నెత్తిన అచ్చై ఉండేది. అందులో ఒక అక్క తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ గడ్డకట్టిన నది మీద నడిచి వెళుతుంది. మధ్యకు చేరేసరికి కాళ్ళ కింద మంచు చిట్లిన చప్పుడు. ఆమె ఆగి వెనక్కి చూసింది. అంతే, పుస్తకం అయిపోయింది.

నేను నిజంగానే ఏడ్చాను. ఓబులేసుకు ఆ పేజీ చదివి వినిపించాను. వాడు చపాతీ పిండి కలుపుతూ, "కత నడిమధ్యలో నిల్సిపోయినట్టుండాదే. మిగిల్ది యాడన్నా ఉండాదేమో కనుక్కోరా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కథకు ముగింపు కావాలనడం మోటు రుచి అనీ, శిల్పం తెలిసినవాడికి ఆ చప్పుడు చాలనీ పిండి కలపడం అయ్యేదాకా ఉపన్యాసం ఇచ్చాను. వాడు సరేలే అని ఊరుకున్నాడు. నేను లైబ్రరీలో ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ మీకు చెప్పే తీరిక నాకు ఉండేది కాదు.

ఇంటర్వ్యూ ఇంగ్లీషులో జరిగింది, మీకు తెలుగులో చెబుతున్నాను. బోర్డు అధ్యక్షుడు నా హాబీ చూసి, ఎవరైనా ఒక నవలాకారుడు లోకానికి ఇచ్చిందేమిటో చెప్పమన్నారు. నా దగ్గరున్నది ఒక్కరే గనుక ఎంచుకోవడానికి ఇబ్బంది పడలేదు.

ముగించకపోవడమే ఆ మహానుభావుడు ప్రపంచ సాహిత్యానికి ఇచ్చిన కానుక అని మొదలుపెట్టాను. మిగతావాళ్ళ నవలలన్నీ ఒడ్డు చేరతాయనీ, ఈయన ఒక్కడే మనిషిని నది నడుమ నిలబెట్టి కలం కింద పెట్టాడనీ అన్నాను. మానవజాతి మొత్తం ఆ మంచు మీదే ఉందన్నాను. అధ్యక్షుడు తల ఊపుతుంటే నాకు ఏ జిల్లా ఇవ్వాలా అని ఆలోచిస్తున్నారనుకున్నాను.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. నా తల తన్నింది చివరి కుర్చీలోని తెల్లజుట్టు పెద్దావిడ. చాలా మర్యాదగా తన్నారు.

"బాగా చెప్పారు. మీరు రెండో సంపుటం చదివారా?" అని అడిగారు.

రెండో సంపుటం అనేది ఒకటుందని నాకు తెలిసిందే అప్పుడు.

"అందులో మొదటి పేజీలోనే ఆమె ఒడ్డు చేరుతుంది. ఎవరో టీ ఇస్తారు" అన్నారావిడ. నా దరఖాస్తు పక్కన పెట్టి, "తర్వాత రెండుసార్లు పెళ్ళి కూడా చేసుకుంటుంది" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఫలితాల్లో నా నంబరు లేదు. నాన్నకు ట్రంక్ కాల్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన తిడితే తేలికపడేవాణ్ణి.

"ఇంతకీ ఆ తమ్ముడు దొరికాడుట్రా?" అని అడిగారు.

తెలియదన్నాను. అంతకంటే సిగ్గుపడ్డ క్షణం నాకు లేదు. ఆ రోజే కాలికో బైండు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఏ మహానుభావుడు ప్రపంచ సాహిత్యానికి ఎంత సేవ చేసినా సరే, ఆఖరి పేజీ చూడందే ఆయన్ను పొగడను గాక పొగడను. ఆ ప్రమాణం ప్రకారమే ఢిల్లీ అంతా గాలించి రెండో సంపుటం సంపాదించి చదివాను. మళ్ళీ ట్రంక్ కాల్ చేసి, తమ్ముడు దొరికాడనీ, మంచి ఉద్యోగంలో ఉన్నాడనీ నాన్నకు చెప్పాను.

"పోనీలేరా, వాడైనా స్థిరపడ్డాడు" అన్నారు నాన్న.